పొద్దున చూద్దాంలే



ప్రతి సంవత్సరం ఈ సంచికలో మన వైద్య సహాయ నిధి లెక్కలు మీ ముందు పెడుతున్నాం. అందులో గుండె జబ్బుల పద్దు పెద్దదని మీకు తెలుసు. స్టెంటుకు సాయం, బైపాస్ ఆపరేషన్ తర్వాత మందులకు సాయం, పెద్దాసుపత్రికి పోయి రావడానికి ఛార్జీలు, ఇలా ఏటా రాసుకుంటూ వస్తున్నాం. ఈసారి లెక్కలతోపాటు ఒక విషయం వివరంగా చెప్పాలనుకున్నాం. సాయం కోసం వచ్చినవాళ్లను "నొప్పి ఎప్పుడు మొదలైంది? ఆసుపత్రికి ఎప్పుడు చేరారు?" అని అడగడం మొదలుపెట్టాక మాకు తెలిసివచ్చిన విషయమిది. జబ్బు ఒకటే అయినా, రోగి ఆడా మగా, వయసెంత అనేదాన్ని బట్టి ఆసుపత్రి గడప తొక్కే సమయం మారిపోతోంది. ఆ తేడా కొందరి ప్రాణాల మీదికి వస్తోంది.

ఒకే వీధి, రెండు ఇళ్లు

ఆ కుటుంబాల అనుమతితో, పేర్లు చెప్పకుండా రెండు సంగతులు రాస్తున్నాం.

మొన్నటి చలికాలంలో పళ్ల బండి పెట్టుకుని బతికే ఒక భాయి, వయసు యాభై ఉంటుంది, మగ్రిబ్ నమాజు ముగించుకుని మస్జిదు మెట్ల మీద కూలబడ్డారు. ఛాతీ పట్టుకుని మాట్లాడలేకపోయారు. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. ఒకరు 108కి ఫోన్ చేశారు, ఒకరు ఇంటికి కబురు పంపారు, ఇద్దరు వెంట వెళ్లారు. నలభై నిమిషాల్లో ఈసీజీ తీశారు. ఆ రాత్రే స్టెంటు వేశారు. రెండు నెలలకు ఆయన మళ్లీ బండి దగ్గర నిలబడ్డారు.

అదే వీధిలో అరవై ఏళ్ల ఖాలా ఒకరున్నారు. పదిహేనేళ్లుగా షుగర్. ఒకరోజు అస్ర్ వేళ నుంచి దవడ లాగడం మొదలైంది. వీపులో రెండు భుజాల మధ్య బరువు, ఒళ్లంతా చెమట, కడుపులో తిప్పడం. ఛాతీలో నొప్పి మాత్రం లేదు. గ్యాస్ అనుకుని ఓమ నీళ్లు తాగారు. కాసేపు పడుకుని లేచి రాత్రి వంట కూడా చేశారు. కోడలికి అనుమానం వచ్చింది. "డాక్టర్ దగ్గరికి పోదాం అమ్మీ" అంది. పెద్ద కొడుకు కువైట్‌లో, చిన్న కొడుకు లారీ మీద. ఫోన్లు కలిసేసరికి రాత్రి పదకొండు దాటింది. అప్పటికి ఖాలాయే "ఈ టైములో ఇద్దరు ఆడవాళ్లం ఎక్కడికి పోతాం? పొద్దున చూద్దాంలే" అన్నారు. ఫజ్ర్ తర్వాత ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి చేరేసరికి పద్నాలుగు గంటలు గడిచిపోయాయి.

ఆమె బతికారు, అల్‌హందులిల్లాహ్. కానీ గుండె కండరంలో చాలా భాగం చచ్చిపోయింది. ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. నమాజు కుర్చీలోనే. ఆమె మందుల ఖర్చు నెలనెలా మన నిధి నుంచే వెళ్తోంది.

ఆసుపత్రి ఇద్దరికీ అంతే దూరం. ఆయనకు నలభై నిమిషాలు పట్టింది, ఆమెకు పద్నాలుగు గంటలు పట్టింది.

గంటకు ఎందుకంత విలువ

గుండె మన ఒంటికంతా రక్తం పంపుతుంది. దానికి కావలసిన రక్తం మాత్రం కరోనరీ ధమనులనే సన్నని నాళాల ద్వారా అందుతుంది. ఆ నాళాల గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పూడుకుపోతుంది. ఒకనాడు ఆ పూడిక చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు. దారి పూర్తిగా మూసుకుపోతే, సుమారు అరగంట నుంచే కండరం చావడం మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆ చావు విస్తరిస్తుంది. చచ్చిన కండరం మళ్లీ పుట్టదు.

గడ్డను కరిగించే ఇంజక్షన్ ఉంది. మొదటి ఒకటి రెండు గంటల్లో ఇస్తే దాని మేలు చాలా ఎక్కువ. పన్నెండు గంటలు దాటితే సాధారణంగా ఇవ్వరు. సన్నని గొట్టం పంపి నాళాన్ని తెరిచి స్టెంటు వేసే యాంజియోప్లాస్టీ కూడా ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. ఖాలా వచ్చేసరికి ఇంజక్షన్ సమయం దాటిపోయింది. అప్పుడు ఎంత డబ్బు పోసినా పోయిన గంటలు తిరిగి రావు. దాతలు ముందుగా గ్రహించాల్సిన మాట ఇది.

ఈ జబ్బు పట్నం వాళ్లదో, ఉన్నవాళ్లదో అని కొట్టిపారేయడానికి లేదు. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో మరణాలకు కారణాలను ఆరా తీశారు. దాదాపు ప్రతి మూడు మరణాల్లో ఒకటి గుండెపోటు, పక్షవాతం వంటి రక్తప్రసరణ జబ్బుల వల్లేనని తేలింది.

మన దేశంలో కాలం ఎక్కడ పోతోందో క్రియేట్ అనే అధ్యయనం చూపించింది. 50 నగరాల్లోని 89 ఆసుపత్రుల్లో చేరిన 20,468 మంది రోగుల వివరాలు సేకరించి 2008లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. లక్షణాలు మొదలైనప్పటి నుంచి ఆసుపత్రికి చేరడానికి మధ్యస్థంగా 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు పట్టింది. చేరాక గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి పట్టింది 50 నిమిషాలు. అంటే ఎక్కువ కాలం ఆసుపత్రి గేటు బయటే పోయింది. అదే అధ్యయనంలో నెల రోజుల్లోపు చనిపోయినవారు పేదల్లో నూటికి 8.2, ధనికుల్లో 5.5. అందిన చికిత్సలో తేడాయే దీనికి ప్రధాన కారణమని కూడా తేలింది.

ఆడవాళ్లు ఎందుకు ఆలస్యమవుతున్నారు

మొదటి కారణం లక్షణాలే. సినిమాల్లో చూసి గుండెపోటంటే ఛాతీ పట్టుకుని పడిపోవడమే అనుకుంటాం. అమెరికాలో 1994 నుంచి 2006 వరకు గుండెపోటుతో ఆసుపత్రుల్లో చేరిన 11 లక్షల మందికి పైగా రోగుల రికార్డులు పరిశీలించారు. ఛాతీ నొప్పి లేకుండా వచ్చినవాళ్లు ఆడవాళ్లలో నూటికి 42 మంది, మగవాళ్లలో 31 మంది. ఆసుపత్రిలో చనిపోయినవారి శాతం కూడా ఆడవాళ్లలోనే ఎక్కువ. ఈ అంకెను మరోవైపు నుంచి కూడా చూడాలి. ఎక్కువమంది ఆడవాళ్లకు కూడా ఛాతీ నొప్పి వస్తుంది. కాబట్టి ఛాతీ నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు, అది లేదని ధైర్యంగా ఉండిపోకూడదు. దవడ, మెడ, వీపు, చేతుల్లో నొప్పి, ఆయాసం, చల్లని చెమటలు, వాంతి వచ్చేలా ఉండటం, ఎన్నడూ లేనంత నీరసం, ఇవన్నీ గుండె పంపే కబుర్లు కావచ్చు. షుగర్ ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని నొప్పి సరిగా తెలియకపోవచ్చు.

రెండో కారణం, ఇది మగవాళ్ల జబ్బు అన్న నమ్మకం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం ఆడవాళ్లకు మొదటి గుండెపోటు మగవాళ్లకంటే సగటున తొమ్మిదేళ్లు ఆలస్యంగా వస్తుంది. ఆలస్యంగా వస్తుందంటే రాదని కాదు. నెలసరి ఆగిపోయాక ముప్పు పెరుగుతూ పోతుంది. సరిగ్గా ఆ వయసులోనే ఆమె మనవల పనిలో, ఇంటి పనిలో మునిగి తన ఒంటిని పట్టించుకోవడం మానేస్తుంది.

ఈ నమ్మకం డాక్టర్లలోనూ ఉండేది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు అధిపతి అయిన మొదటి మహిళ, గుండె వైద్యురాలు బెర్నడైన్ హీలీ 1991లో ఈ సంగతిని గట్టిగా ఎత్తిచూపారు. చదువుకోవడం కోసం మగవేషం వేసుకున్న ఒక కథానాయిక పేరు మీద దీనికి యెంటిల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. తన జబ్బు మగవాళ్ల జబ్బులాగే కనబడితే తప్ప ఆడదానికి సరైన చికిత్స దొరకడం లేదన్నది ఆమె వాదన. ఆడవాళ్ల ఆయాసానికి "టెన్షన్ పడుతున్నావమ్మా" అనే మాట మన దగ్గరా వింటూనే ఉన్నాం.

మూడో కారణం మన ఇళ్లలో ఉంది. దీన్ని దాచుకోకుండా చెప్పుకోవాలి. మగవాడికి నొప్పి వస్తే బజారులోనో, పనిచోటనో, మస్జిదులోనో వస్తుంది. నలుగురూ చూస్తారు. ఆడవాళ్లకు వంటింట్లో వస్తుంది. చూసేవాళ్లు ఉండరు. చూసినా నిర్ణయం ఆమె చేతిలో ఉండదు. డబ్బు ఆమె దగ్గర ఉండదు. వెంట వెళ్లడానికి మగతోడు కావాలి, ఆ మనిషి కువైట్‌లోనో లారీ మీదనో ఉంటాడు. మగ డాక్టర్ చూస్తారేమో అన్న సంకోచం ఒకటి. రంజాన్‌లో అయితే "ఇఫ్తార్ దాకా ఆగుదాం" అంటారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు లేడీ డాక్టర్ కోసం వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదని, రోగికి రోజా విషయంలో ఖుర్ఆన్‌లోనే సడలింపు ఉందని మన ఉలమా చెబుతూనే ఉన్నారు. అయినా ఆ మాట వంటింటి దాకా చేరలేదు.

వయసు ఎలా మోసం చేస్తుంది

ముసలితనంలో గుండెపోటు చాలాసార్లు గుండెపోటులా కనబడదు. ఆయాసం, ఉన్నట్టుండి మాట తడబడటం, మగత, కళ్లు తిరిగి పడిపోవడం, ఇంతే. ఇంట్లోవాళ్లు "వయసైంది కదా" అంటారు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 1948 నుంచి వేలాది మంది గుండెల్ని పరీక్షిస్తూ వస్తున్నారు. అక్కడ తేలిన గుండెపోట్లలో పావు వంతుకు పైగా, వచ్చినప్పుడు ఎవరూ గుర్తించనివే. తర్వాత మామూలుగా తీసిన ఈసీజీలో బయటపడ్డాయి. పెద్దవాళ్లు నొప్పి ఉన్నా చెప్పకపోవడం ఇంకో సంగతి. "పిల్లలకు మళ్లీ ఖర్చు" అని దాదీలు, నానాలు నోరు మూసుకుని పడుకుంటారు. అబ్బాకు ఆయాసం ఉందని నాలుగు రోజుల తర్వాత తెలిసి ఏడ్చిన కొడుకులను మేం చూశాం.

ఇక చిన్న వయసువాళ్ల మోసం వేరు. తమకు రాదన్న ధీమా. ఇంటర్‌హార్ట్‌లో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది. మిగతా దేశాల్లో అది సుమారు 59. అంటే మన దగ్గర ఆరేళ్లు ముందే. సిగరెట్, బీపీ, షుగర్, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు ఉండటం, వీటిలో ఏది ఉన్నా ముప్పై అయిదు, నలభై ఏళ్లకు కూడా రావచ్చు. మన సభ్యుల్లో ఒకరి తమ్ముడు, మెకానిక్, ముప్పై అయిదేళ్లవాడు, ఎడమ చేతి నొప్పిని ఇంజన్ ఎత్తిన నొప్పి అనుకున్నాడు. రెండు రోజులు నొప్పి మాత్రలతో పని చేశాడు. మూడో రోజు షెడ్డులోనే పోయాడు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆ ఇంటికి ఇప్పుడు మనం పంపుతున్నది ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు.

చెబితే చాలా?

ఇదంతా చదివాక "అయితే కరపత్రాలు వేయిద్దాం, ఉపన్యాసాలు పెడదాం" అని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట అదే తోచింది. కానీ 1990లలో అమెరికాలో రియాక్ట్ అనే ప్రయత్నం జరిగింది. ఇరవై ఊళ్లను తీసుకుని, పదింటిలో ఏడాదిన్నర పాటు గుండెపోటు లక్షణాల గురించి విస్తృతంగా ప్రచారం చేశారు. అంబులెన్స్ పిలిచేవాళ్లు పెరిగారు. కానీ నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రికి చేరే సమయం, ప్రచారం చేయని ఊళ్లకంటే తగ్గలేదు. లక్షణం తెలిసినా కాలు కదపనివ్వనివి వేరే ఉన్నాయని అర్థం. ఖాలా ఇంట్లో కోడలికి అనుమానం సాయంత్రమే వచ్చింది. ఆమెకు కావలసింది కరపత్రం కాదు. డబ్బు, తోడు, "పో, ఎవర్నీ అడగక్కర్లేదు" అనే మాట.

ఇక్కడ మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. ఆ రాత్రి పదింటికి ఆ కోడలు మా వాలంటీరుకు ఫోన్ చేసింది. ఆసుపత్రిలో అడ్వాన్సు అడిగితే ఏం చేయాలన్నది ఆమె భయం. మా వాలంటీరు ఉన్నమాటే చెప్పాడు. దరఖాస్తు మీద ఇంటి యజమాని సంతకం ఉండాలి, ఆఫీసు పొద్దున పదికి తెరుస్తాం అన్నాడు. అది అతని తప్పు కాదు, మా నియమం. మీ సొమ్ము దుర్వినియోగం కాకూడదని పెట్టుకున్న నియమమే. కానీ ఆ యజమాని కువైట్‌లో ఉన్నాడు. ఆమెను పొద్దుటి దాకా ఆపిన కారణాల్లో మా ఫారంలోని ఆ గడి కూడా ఒకటి.

ఏం మార్చాం, ఏం కోరుతున్నాం

ఆ గడి తీసేశాం. గుండె లక్షణాలతో ఎవరు ఫోన్ చేసినా, ఏ వేళ అయినా, ముందు ఆసుపత్రి, తర్వాతే కాగితాలు. సాయం అడిగే స్త్రీకి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ప్రతి మహల్లాలో రాత్రిపూట వెంట వెళ్లడానికి ఒప్పుకున్న దంపతుల జాబితా తయారు చేస్తున్నాం. భర్త బండి తీస్తాడు, భార్య రోగి పక్కన కూర్చుంటుంది. నెలకోసారి మహిళల సమావేశంలో బీపీ, షుగర్ చూడటం మొదలుపెట్టాం.

వీటికి ఖర్చు పెద్దది కాదు. కానీ స్టెంటుకు డబ్బివ్వడంలో ఉన్న తృప్తి దీనిలో కనిపించదు. బతికిన మనిషి ఫోటో ఉండదు, రసీదు మీద పెద్ద అంకె ఉండదు. జకాత్ సొమ్మును ఎప్పటిలాగే అర్హులైన రోగులకే వాడతాం. రాత్రి ఫోన్, బండి పెట్రోలు, పరీక్షల సామాను వంటివాటికి మాత్రం సదఖా కావాలి. ఈ పద్దుకు విడిగా ఇమ్మని కోరుతున్నాం.

డబ్బుకంటే ముందు మరొకటి కోరుతున్నాం. ఈ సంచిక ఇంటికి తీసుకెళ్లిన ప్రతి యజమానీ ఈ రాత్రి భోజనం దగ్గర అందరూ వినేలా ఒక మాట చెప్పాలి: "ఇంట్లో ఎవరికి ఇలాంటి లక్షణం వచ్చినా నన్ను అడగకుండా వెళ్లండి." దుబాయిలో, కువైట్‌లో ఉన్న బిడ్డలు ఫోన్‌లో అయినా ఆ మాట చెప్పాలి. తల్లి చేతిలో, భార్య చేతిలో కొంత డబ్బు విడిగా ఉంచాలి.

లక్షణం కనిపిస్తే

మొదటి ఫోన్ 108కి చేయండి. 2005 ఆగస్టు 15 నుంచి మన దగ్గర నడుస్తున్న ఈ అంబులెన్స్ ఉచితం. దారిలో గుండె ఆగిపోతే ఆటోలో చేయగలిగింది ఏమీ ఉండదు, అంబులెన్స్‌లో ఉంటుంది. రోగిని నడిపించకండి, మెట్లు ఎక్కించకండి, కూర్చోబెట్టండి. ఆస్పిరిన్, నాలుక కింద మాత్ర వంటివి విన్నవి చూసి వేయకండి. 108 వాళ్లనో డాక్టర్‌నో అడిగి, వాళ్లు చెబితేనే వేయండి. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని కాలం పోగొట్టుకోకండి. ఈసీజీ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి, వెళ్లగానే "ముందు ఈసీజీ తీయండి" అని అడగండి. చేరిన పది నిమిషాల్లో అది తీయాలన్నది వైద్యుల నియమమే. ఆరోగ్యశ్రీ కార్డు వెతుక్కుంటూ ఆగకండి, అది వెనక నుంచి ఎవరైనా తెస్తారు. గ్యాస్ అని తేలితే నవ్వుకుంటూ ఇంటికి రండి. దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఖాలా ఈ మధ్య మహిళల సమావేశానికి వచ్చారు. కోడలు చెయ్యి పట్టుకుని నెమ్మదిగా వచ్చి, కుర్చీలో కూర్చుని, బీపీ చూపించుకోవడానికి వరుసలో ఉన్న ఆడవాళ్లందరితో ఒకే మాట అన్నారు: "పొద్దున అనకండమ్మా, అప్పుడే పోండి."